చూద్దాంలే అన్న రైతు దగ్గరికి మళ్ళీ వెళ్ళు

గుంటూరు

చిరంజీవి బుజ్జమ్మకు,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ పెద్దమ్మా క్షేమం. ఆదివారం రాత్రి నువ్వు ఫోన్లో మాట్లాడిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. "రైతులు మారరు పెదనాన్నా, టైమ్ వేస్ట్" అన్నావు. ప్రత్తిపాడు దగ్గర పత్తి చేలో మీ కంపెనీ తరఫున మందు కొట్టే డ్రోన్ ఎగరేసి చూపించారట. నలభై మంది దాకా వచ్చారట. వీడియోలు తీసుకుని, పులిహోర పొట్లాలు తిని, "బాగుందమ్మా, చూద్దాంలే" అని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారట. ఒక్కరూ పేరు రాయించుకోలేదట. చెబుతుంటే నీ గొంతు బొంగురుపోయింది. అప్పుడే ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను గానీ ఫోన్లో తెమిలే మాట కాదని ఊరుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు ఈ జిల్లా పొలాల్లో వ్యవసాయ శాఖ తరఫున తిరిగినవాణ్ణి. నాకు తెలిసింది నీకు కాకపోతే ఎవరికి చెబుతాను?

ముందు ఒక మాట. రైతు మారడు అనే మాట నీ నోట ఇంకోసారి రాకూడదు. అది నిజం కాదు గనకే చెబుతున్నాను. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్ 8 వరి వేశారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పొట్టి వంగడం. ఆయనా రైతే. ఆయన చేను చూసినవాళ్ళు ఇంటికెళ్ళి తామూ వేసుకున్నారు. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 విడుదలైంది. నువ్వు అక్కడ కాలేజీ హాస్టల్లో నాలుగేళ్ళు తిన్న సాంబ మసూరి అదే. దాన్ని ఊళ్ళలోకి పంపడానికి నేను పడ్డ కష్టం చాలా తక్కువ. వియ్యంకుల ఇళ్ళ నుంచి, మేనమామల ఇళ్ళ నుంచి సంచుల్లో విత్తనం తెచ్చుకున్నారు. తెనాలి వైపు మినుమును పల్లాకు తెగులూ బంగారు తీగా తినేస్తుంటే, వరి కోసిన మళ్ళలో దున్నకుండానే మొక్కజొన్న గుచ్చడం మొదలుపెట్టారు. నా కళ్ళ ముందే కొన్నేళ్ళలో ఊళ్ళకు ఊళ్ళు ఆ దారిన పడ్డాయి.

అంత దూరం ఎందుకు, మోటారు స్టార్టర్ సంగతే చూడు. రాత్రి పూట కరెంటు వచ్చే రోజుల్లో టార్చిలైటు పట్టుకుని, పాము ఎక్కడ తొక్కుతామోనని కర్ర తాటించుకుంటూ బోరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు. షాక్ కొట్టి పోయినవాళ్ళు, పాము కరిచి పోయినవాళ్ళు నాకు తెలిసిన ఊళ్ళలోనే ఉన్నారు. ఫోన్ కొడితే మోటారు తిరిగే స్టార్టర్ వచ్చింది. దానికి ఎవరూ సభ పెట్టలేదు, పులిహోర పంచలేదు. అక్షరం ముక్క రాని ముసలాయన కూడా అందులో సిమ్ వేయించుకుని, మంచం మీద పడుకుని మోటారు ఆపుతున్నాడు. ఇది స్మార్ట్ వ్యవసాయం కాదా? ఇంతకన్నా స్మార్ట్ ఏముంటుంది?

మరి నీ డ్రోన్ దగ్గరా, నేలలో తడి ఎంతుందో చెప్పే నీ సెన్సార్ దగ్గరా ఎందుకు ఆగారు? మన రైతు "చూద్దాంలే" అన్నాడంటే లోపల ఒక ప్రశ్న అడుగుతున్నాడన్నమాట. నష్టమొస్తే ఎవరిది? ఆ ప్రశ్న పైకి అడిగితే ఆడపిల్ల నొచ్చుకుంటుందని మర్యాదకి ఆగుతాడు. ఎకరం మిర్చికి లక్షన్నర పైనే పెట్టుబడి. అందులో సగం కమీషన్ కొట్టులోనో మందుల షాపులోనో అప్పు. 2021లో పూతలో నల్ల తామర పురుగు పడ్డప్పుడు చేలకు చేలు పీకేసినవాళ్ళని చూశాను. అలాంటివాడు ఒక్క పిచికారీ తప్పితే సంవత్సరం పోతుందని లెక్క వేసుకుంటాడు. నీకు ఒక డెమో పోతే ఇంకో డెమో ఉంటుంది.

ఈ లెక్క నాకు ఎలా తెలిసిందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1987-88లో పత్తి మీద తెల్లదోమ పడింది. అంతకు ముందే సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చాయి. ఒక్కసారి కొడితే పురుగు రాలిపోతుంటే అందరం సంబరపడ్డాం. పదే పదే కొట్టేసరికి తెల్లదోమని తినే మంచి పురుగులు పోయాయి, దోమ రెట్టింపైంది. ఆకులు జిగటబారి, మసి పట్టినట్టు నల్లబడ్డాయి. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో అప్పులు తీర్చలేక పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మందులు భేషైనవని ఊళ్ళలో చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నానమ్మా. నేను వెళ్ళే ఒక ఊళ్ళో, నా మాట విని కొట్టిన ఒకాయన పత్తి మొత్తం కట్టెలు చేసి ఇంటి ముందు పేర్చుకున్నాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ నెల జీతం ఒకటో తారీఖునే వచ్చింది. ఆ ఇంటి మీదుగా వెళ్ళలేక చాలా రోజులు చుట్టుదారిన సైకిల్ తొక్కాను. సలహా ఇచ్చినవాడి జేబులోంచి రూపాయి పోదు, విన్నవాడిది కొంప పోతుంది. ఊళ్ళో పెద్దవాళ్ళకి అది ఇప్పటికీ గుర్తుంది. నువ్వు కంపెనీ టీషర్ట్ వేసుకుని మైకు పట్టుకున్నప్పుడు వాళ్ళకి నువ్వొక్కదానివే కనపడవు, మా తరం వాళ్ళం కూడా కనపడతాం.

అందుకని నీ మేనేజర్ దగ్గర ముందు ఒకటి తేల్చుకో. చేలో సగం రైతు పద్ధతి, సగం మీ పద్ధతి. మీ సగంలో పురుగు మిగిలితే మళ్ళీ కొట్టే ఖర్చు కంపెనీదని కాగితం మీద రాసివ్వాలి. తెలుగులో, సంతకంతో. దానికి మేనేజర్ ఒప్పుకోకపోతే రైతు ఒప్పుకోలేదని ఏడవడంలో న్యాయం లేదు. రాజేంద్రనగర్‌లో శిక్షణకి వెళ్ళినప్పుడు మాకు అమెరికాలో అయోవా రైతుల సంగతి చెప్పారు. అక్కడ 259 మంది రైతులు హైబ్రిడ్ మొక్కజొన్నకి ఎలా మారారో ఇద్దరు పరిశోధకులు ఆ రైతుల్నే అడిగి తెలుసుకుని 1943లో రాశారు. 1928 నుంచి 1941 లోపు ఇద్దరు తప్ప అందరూ మారారు. పదమూడేళ్ళు పట్టింది చూడు. చాలామంది ఆ విత్తనం గురించి మొదట విన్నది అమ్మేవాళ్ళ నోటినుంచే, నమ్మింది మాత్రం పక్క రైతుని చూసి. చాలామంది మొదటి ఏడాది పొలమంతా వేయలేదు, ఓ చెక్కలో వేసి చూశారు. అమెరికా రైతైనా ప్రత్తిపాడు రైతైనా అక్కడ తేడా లేదు. నీకు నలభై మంది అక్కర్లేదు. ఊరికి ఒక్క చెక్క దొరికితే చాలు, అదీ దారి పక్కన.

ఇక డ్రోన్. నువ్వు చేసిన డెమోలో ఒక పెద్దాయన "పది లీటర్లతో ఎకరం తడుస్తుందా?" అని అడిగితే మీ పైలట్ నవ్వాడన్నావు. అక్కడే పోయింది బుజ్జమ్మా మీ డెమో. ఆయన అడిగింది చాలా మంచి ప్రశ్న. తైవాన్ స్ప్రేయర్‌తో ఆయన ఎకరానికి రెండొందల లీటర్ల నీళ్ళు కొడతాడు. ఆకు మీదనుంచి నీళ్ళు కారితేనే మందు పడ్డట్టు ఆయన కన్ను నేర్చుకుంది. నువ్వేమో పది లీటర్లతో పొగలా చల్లి, పది నిమిషాల్లో పెట్టె సర్దుకుని వెళ్ళిపోయావు. చుక్క సన్నగా ఉంటుందని, రెక్కల గాలికి ఆకు తిరగబడుతుందని నీకు తెలుసు. ఆయనకి ఎలా తెలుస్తుంది?

పసుపు కార్డులు ఉంటాయి, నీళ్ళ చుక్క పడితే నీలంగా మారేవి. బాపట్లలో ప్రాక్టికల్స్‌లో చూసే ఉంటావు. అవి పెట్టించుకో. పొద్దున్నే మంచు ఆరాక, గాలి లేవక ముందు, ఎనిమిదింటి ప్రాంతంలో చేలోకి వెళ్ళు. కార్డులు నువ్వు పెట్టొద్దు, ఆ పెద్దాయన చేతికే ఇవ్వు. "మందు ఎక్కడ పడదని మీకు అనుమానమో అక్కడ పెట్టండి బాబాయ్" అను. ఆయన తప్పకుండా అడుగు కొమ్మకి, ఆకు కింద వైపుకి, మొక్కల గుబురు మధ్యలోకి పెడతాడు. క్లిప్పుతో పట్టుకోమను, చేతి చెమట తగిలినా నీలం అవుతుంది. తర్వాత డ్రోన్ వదులు. దిగాక నువ్వు చేలోకి పోకు, కార్డులు ఆయన్నే తెమ్మను. పై కార్డు మీద చుక్కలు పోపులో ఆవాలంత ఒత్తుగా ఉంటాయి. కింది కార్డు మీద పల్చగా ఉండొచ్చు, ఒక్కోసారి అసలు ఉండకపోవచ్చు కూడా. ఆ ఖాళీ కార్డుని దాచకు. అందరి ముందూ చూపించి, "ఇక్కడ పడలేదు, ఎత్తు తగ్గించి, వేగం తగ్గించి మళ్ళీ చూద్దాం" అను. రెండోసారి ఆయన మళ్ళీ కార్డు పెడతాడు. మీ కంపెనీ వాళ్ళకి ఇది అవమానంలా అనిపిస్తుంది. ఊళ్ళో మాత్రం ఆ ఖాళీ కార్డు గురించి రాత్రి రచ్చబండ దగ్గర మాట్లాడుకుంటారు, ఈ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పిందని.

నా సొంత అభిప్రాయం కూడా విను. రెండు నెలల పత్తిలో రసం పీల్చే పురుగులకి డ్రోన్ బాగానే పనిచేస్తుంది, వరికి కూడా. నవంబరు, డిసెంబరులో కమ్ముకుపోయిన మిర్చిలో ఆకు అడుగున ఉండే నల్లికీ, పువ్వు లోపల దాక్కునే తామర పురుగుకీ డ్రోన్ ఒక్కటే చాలని నేను చెప్పను. నువ్వూ చెప్పకు. నీలం రంగు జిగురు అట్టలు పెట్టించు, పురుగు ఎంత ఉందో ముందు లెక్క చూపించు. ఇంకొకటి, మనవాళ్ళు ఒకే ట్యాంకులో మూడు నాలుగు మందులు కలుపుతారు. రెండొందల లీటర్లలో ఎలాగో నడిచిపోయేది పది లీటర్లలో చిక్కబడి విరిగిపోతుంది, ఆకు మాడుతుంది, ఆ మాడు డ్రోన్ మీద పడుతుంది. ముందు ఒక గాజు సీసాలో అదే లెక్కన కలిపి అరగంట పక్కన పెట్టి చూపించు. పాలు విరిగినట్టు ముద్దకడితే ఆయనే వద్దంటాడు.

డ్రోన్‌కి ఉన్న అసలు బలం మాత్రం మీరు చెప్పడం లేదు. మందు కొట్టే కూలీ సంగతి. మూతికి తువ్వాలు చుట్టుకుని, చొక్కా మీద మందు కారుతుంటే రోజంతా చేలో నడిచి, సాయంత్రానికి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళని ఎంతమందిని ఆస్పత్రికి తీసుకెళ్ళామో. కరపత్రంలో దిగుబడి గురించి నాలుగు పేరాలు రాశారు, ఈ మనిషి గురించి ఒక్క ముక్క లేదు. కాకపోతే అతని రోజు కూలి కూడా దాంతోనే పోతుందని మర్చిపోకు. డ్రోన్‌కి నీళ్ళు అందించడానికీ, బ్యాటరీలు మార్చడానికీ మీకు ఊళ్ళో మనుషులు కావాలి కదా. ముందు ఆ కూలీల ఇళ్ళలోని ఎదిగిన కుర్రాళ్ళని పిలువు.

సెన్సార్ గురించి నువ్వు చెప్పిన సంగతికి నాకు నిజంగా బాధేసింది. ఆ రైతు "మీ మిషన్ అబద్ధం చెబుతోంది" అన్నాడని నువ్వు నొచ్చుకున్నావు. ఆయన చెప్పింది నిజమై ఉంటుందమ్మా. కిందటేడు పెదనందిపాడు వైపు నేను కళ్ళారా చూశాను. ఫోన్లో ఎర్ర గుర్తు వస్తోంది, నేల ఎండిపోయింది, వెంటనే తడి ఇవ్వమని. రైతు పారతో జానెడు లోతు తవ్వి, మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కాడు. ముద్ద కట్టింది, వేళ్ళ గుర్తులు పడ్డాయి. పైకి ఎగరేసి పట్టుకున్నాడు, విడిపోలేదు. ఇంకా నాలుగు రోజుల పదును ఉంది. అప్పుడు సెన్సార్ చుట్టూ మట్టి గీకి చూస్తే, కడ్డీ వెంబడే బీట. వేలు దూరేంత. మనది నల్లరేగడి, ఆరుతున్నకొద్దీ ముడుచుకుని పగులుతుంది. కడ్డీకీ మట్టికీ మధ్య గాలి చేరితే అది నేలని వదిలేసి గాలిని కొలుస్తుంది, పొడి అని చెబుతుంది. ఆయన చెయ్యి కరెక్టు, మిషన్ తప్పు.

అందుకే నల్లరేగడిలో పెట్టేటప్పుడు, కడ్డీ కన్నా కాస్త పెద్ద కన్నం వేసి, అదే మట్టిని జావలా కలిపి పోసి, అందులో దింపు. వారం వారం దగ్గరికి వెళ్ళి బీట వచ్చిందేమో చూడు. ఇంకా ముఖ్యమైనది, నీ యాప్ చెప్పే 28 శాతం, 32 శాతం ఆ రైతుకి ఏ భాషా కాదు. ఆయన భాష పదును, బెట్ట, మొక్క వడలడం. ఒక పని చెయ్యి. మొదటి నెల రోజులు నువ్వు ఏ సలహా ఇవ్వకు. ఆయన తన చేత్తో చూసి "ఇవాళ తడి పెట్టాలి" అన్న రోజున సెన్సార్‌లో అంకె ఎంత ఉందో రాసుకో. అలా మూడు నాలుగు తడులు రాస్తే ఆ చేనికి, ఆ రైతుకి ఒక అంకె వస్తుంది. దాన్ని స్కెచ్ పెన్నుతో మోటారు డబ్బా మీద ఆయన చేత రాయించు. ఇక అది కంపెనీ అంకె కాదు, ఆయనదే. అప్పుడు "బాబాయ్, మీ అంకె కన్నా ఇంకో రెండు రోజులు ఆగి చూద్దామా" అంటే వింటాడు. నీ ఫోన్లోంచి తీసిన అంకె మొదటి రోజే చెబితే వినడు, వినక్కర్లేదు కూడా.

వరి వైపు వెళితే అసలు సెన్సారే అక్కర్లేదు. జానెడున్నర ప్లాస్టిక్ గొట్టానికి బెజ్జాలు వేసి మడిలో పాతి, నీళ్ళు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు దిగేదాకా ఆగి మళ్ళీ పెట్టడం. తడి, పొడి పద్ధతి. పూత దశలో మాత్రం నీళ్ళు నిలవుంచాలి. తక్కువ ఖర్చుది పక్కన పెట్టి ఎక్కువ ఖర్చుది చూపించావని తర్వాత తెలిస్తే నీ మీద నమ్మకం పోతుంది. కంపెనీకి అమ్మకం లేకపోయినా అది చెప్పు. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో వేరుశనగ ఎప్పుడు విత్తాలో తెలుగులో మెసేజ్ పంపారు. మామూలు ఫోన్లోనే వచ్చింది. పొలంలో ఏ పరికరమూ పాతలేదు.

మీ పెద్దమ్మ పుట్టింటి ఊళ్ళో వేపచెట్టు గుర్తుందా? చిన్నప్పుడు ఉయ్యాల ఊగావు. దాని కొమ్మకి నల్ల పైపుల చుట్టలు వేలాడేవి. ఆ సంగతి నీకు తెలియదు. 2003లో రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు మొదలయ్యాక ఊళ్ళో మొట్టమొదట డ్రిప్ పెట్టించింది ఆ ఇంటాయనే. పెట్టిన వాళ్ళు ఫొటోలు తీసుకుని వెళ్ళారు. రెండో ఏడాది బోరు నీళ్ళ ఉప్పుకి డ్రిప్పర్లు మూసుకుపోయాయి. ఫోన్ చేస్తే రేపు వస్తామన్నారు, రాలేదు. ఫిల్టర్ వారానికోసారి కడగాలని, అప్పుడప్పుడు యాసిడ్ పారించి ఉప్పు కరిగించాలని ఆయనకి ఎవరూ గట్టిగా చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అది పెట్టిన వాళ్ళ పని అనుకున్నాను. ఆయన విసుగెత్తి పైపులు చుట్టి చెట్టుకి తగిలించాడు. చెరువుకి వెళ్ళే దారి అది. వచ్చే పోయే వాళ్ళందరూ ఎనిమిదేళ్ళు ఆ చుట్టలు చూశారు. ఆ ఎనిమిదేళ్ళూ ఆ ఊళ్ళో ఎవరూ డ్రిప్ అడగలేదు. ఒక్క పూట యాసిడ్ పారిస్తే తీరే పని.

కాబట్టి ఊరికి వెళ్ళే ముందు, పాడైతే ఎవరు వస్తారు, ఎన్ని గంటల్లో వస్తారు, ఆ మనిషి ఎక్కడ ఉంటాడు, ఇవి తేల్చుకో. విజయవాడ ఆఫీసు నంబరు పనికిరాదు. ప్రత్తిపాడులోనో చిలకలూరిపేటలోనో మోటారు బాగుచేసే కుర్రాడికి నేర్పించు. చెడిపోయిన రోజున నువ్వు స్వయంగా వెళ్ళు. ఏమీ చేతకాకపోయినా గట్టు మీద కూర్చో.

కౌలు రైతుల సంగతి వేరు. నీ నలభై మందిలో సగానికి పైగా కౌలుదార్లే అయ్యుంటారు, అడిగావా? కౌలు ముందే కట్టాలి, వచ్చే ఏడాది ఆ పొలం తనకే ఉంటుందన్న నమ్మకం లేదు. రాయితీకి పట్టాదారు పుస్తకం కావాలి, అది ఆసామి బీరువాలో ఉంటుంది. అలాంటి మనిషికి నేలలో పాతే వస్తువు అమ్మజూపడం తప్పు. ఎకరానికి ఇంత అని ఇచ్చి కొట్టించుకునే డ్రోన్ ఆయనకి సరిపోతుంది, ఎందుకంటే పొలం మారితే అదీ వెంట వస్తుంది. సెన్సార్ కావాలంటే పీకి పట్టుకుపోయే రకం అద్దెకి ఇవ్వండి.

ఆడవాళ్ళని నువ్వు పిలవనే లేదు. కలుపు తీసేది, కాయ కోసేది, ఏ చాలులో ముడత మొదలైందో ముందు చూసేది వాళ్ళే. ఇంటి అప్పు లెక్క కూడా చాలా ఇళ్ళలో వాళ్ళ నోట్లోనే ఉంటుంది. డ్వాక్రా సంఘం సమావేశం సాయంత్రం పెట్టుకుంటారు, అక్కడికి వెళ్ళి కూర్చో. కేంద్రం 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు ఇస్తామని నమో డ్రోన్ దీదీ పథకం పెట్టింది, ఖర్చులో 80 శాతం దాకా రాయితీ. అందులో శిక్షణ పొందిన అమ్మాయి ఎవరైనా దగ్గర్లో ఉంటే మీ పైలట్ బదులు ఆమెతో ఎగరేయించు.

ఫోన్ల సంగతి కూడా చూసుకో. యాప్‌లో నంబరు రాసిచ్చేది కొడుకుది. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. చేనికి తడి కావాలన్న కబురు మాదాపూర్‌లో మోగుతుంది. అది చెడ్డదేమీ కాదు, సాయంత్రం వాడు నాన్నకి ఫోన్ చేయడానికి ఒక కారణం దొరుకుతుంది. కానీ తండ్రికి కూడా వాట్సాప్‌లో నీ గొంతుతో, నీ మాటల్లో ఒక నిమిషం రికార్డు చేసి పంపు. రాసిన మెసేజ్ చదవరు, గొంతు వింటారు.

రాజధాని వైపు, తుళ్ళూరు, మంగళగిరి మండలాల్లో డ్రోన్ లేస్తే జనం గుమిగూడి "ఇది మళ్ళీ సర్వేనా?" అని అడుగుతారు. 2015లో భూసమీకరణ చూశారు, తర్వాత భూముల రీసర్వేకి డ్రోన్లు ఎగిరాయి. ఆ భయాన్ని తీసిపారేయకు. కెమెరా ఉన్నదా లేదా, ఉంటే ఆ ఫొటో ఎవరి దగ్గరికి పోతుందో విప్పి చూపించి చెప్పు. గన్నవరం ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల ఊళ్ళకి మాట ఇచ్చే ముందు డ్రోన్ల మ్యాపులో రెడ్ జోన్, అంటే అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు, ఎక్కడిదాకా ఉందో చూసుకో. మాట ఇచ్చి ఎగరేయలేకపోతే పరువు పోతుంది.

మందుల షాపాయనతో గొడవ పెట్టుకోకు. "మీ యాప్ ఈ వారం మందు వద్దంటోంది" అని రైతు వెళ్ళి చెబితే ఆయన వ్యాపారం పోతుందని నీకు శత్రువవుతాడు. నువ్వు సాయంత్రం ఆరింటికి విజయవాడ బస్సెక్కేస్తావు. రాత్రి తొమ్మిదింటికి అప్పు ఇచ్చేది ఆయన. ముందు వెళ్ళి నమస్కారం పెట్టి, డ్రోన్ బుకింగ్ ఆయన షాపులోనే రాయించేలా చూడు.

దిగుబడి పెరుగుతుందని మాత్రం ఎవరికీ చెప్పకు బుజ్జమ్మా, నన్ను మన్నించి ఈ ఒక్కటీ విను. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. బాగా పండించినవాడే ఆ ఏడాది యార్డులో టిక్కీల మీద, అదే మిర్చి బస్తాల మీద, కూర్చుని తల పట్టుకున్నాడు. ఎక్కువ పండితే ఎక్కువ వస్తుందన్న మాట గుంటూరు యార్డు చూసినవాడు నమ్మడు. ఖర్చు తగ్గుతుందని చెప్పు. ఎన్ని పిచికారీలు మిగిలాయి, ఎన్ని కూలీలు మిగిలాయి, ఎన్ని రాత్రులు బోరు దగ్గరికి వెళ్ళకుండా నిద్రపోయారు, ఇవి ఆయన నోటుపుస్తకంలోనే ఆయన చేతే రాయించు.

పెదనందిపాడులో ఆ సెన్సార్ తవ్వి చూపించిన రైతుతో నిన్న మాట్లాడాను. ఆయనకి రెండెకరాల పత్తి ఉంది, రోడ్డు పక్కనే. "మీ అమ్మాయా? రమ్మనండి, అరెకరం ఇస్తాను" అన్నాడు. "ఏమన్నా అయితే?" అని కూడా అడిగాడు. ఆ అరెకరానికి నేను పూచీ ఉన్నానని చెప్పాను. పోతే నా పెన్షన్లోంచి ఇస్తాను. కంపెనీ కాగితం వచ్చేదాకా ఆగితే పత్తి కాయ పట్టేస్తుంది.

శనివారం తెల్లారుజామున మొదటి బస్సుకి రా. బస్టాండుకి నేను స్కూటర్ తెస్తాను, ఏడున్నరకల్లా చేలో ఉందాం. పసుపు కార్డులు ఓ పాతిక, క్లిప్పులు, ఒక గాజు సీసా తీసుకురా. పైలట్‌ని కూడా రమ్మను, ఆ రైతు ఎన్ని ప్రశ్నలు అడిగినా నిలబడి జవాబు చెప్పమను. ఆయన పొలం గట్టు మీద కుర్చీలు ఉండవు, అందరం చెప్పులు విడిచి చేలోకే దిగుతాం.

నీ
పెదనాన్న